పాత మైక్ సెట్‌లో ‘గుయ్’ మోత: ఫోన్‌తో విని, జాడ పట్టుకుందాం

ముందు ఒక సౌండ్ వినండి. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో ఇది సరిగ్గా తెలీదు.

[ఆంప్లిఫైయర్ మోత, పది సెకన్లు]

విన్నారు కదా. ఊళ్లో పండగైనా, పెళ్లైనా, మీటింగైనా మైక్ సెట్ ఆన్ చేయగానే పాట కంటే ముందు వచ్చేది ఇదే. పాట మొదలైతే దీన్ని మర్చిపోతాం. పాట ఆగితే మళ్లీ ‘గుయ్’. చాలామంది “పాత సెట్ కదా, అంతేలే” అని వదిలేస్తారు. కానీ ఈ మోత ఊరికే రాదు. ఎక్కడ ఏం పాడైందో అదే చెప్తుంది. మనకి వినడం రావాలి, అంతే.

ఈ రోజు మన పేషెంట్ అరకు దగ్గర ఒక గూడెంలో ఉన్న ఆంప్లిఫైయర్. వయసు ముప్పై దాటింది. ఊరి కుర్రాళ్లందరిదీ. చైత్రంలో ఇటుకల పండక్కి, పెళ్లిళ్లకి, సంక్రాంతికి కిందకి దింపుతారు, మిగతా ఏడాదంతా పొయ్యి పైన అటక మీద ఉంటుంది. అంటే పొగ, మసి, వానాకాలం చెమ్మ, చలికాలం మంచు, అన్నీ చూసేసింది. థింసాకి మైక్ ఎందుకు అని మీరు అడగొచ్చు. నిజమే, డప్పు, తుడుము, మోరి కలిసి మోగితే ఏ ఆంప్లిఫైయరూ అక్కర్లేదు. కానీ థింసా అయ్యాక రాత్రంతా పాటలు ఉండాలిగా!

అసలు ఈ మోత ఎక్కడ పుట్టింది? ఇది మీకు ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది. ఈ కొండలకి అవతల, ఆంధ్రా ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం ఉంది. 1955లో మొదలైంది, రెండు రాష్ట్రాలదీ ఉమ్మడి ప్రాజెక్ట్. అక్కడ నీళ్లు టర్బైన్‌ని తిప్పితే పుట్టే కరెంట్ సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. 50 హెర్ట్జ్ అంటే అదే. సీలేరు, వైజాగ్ దగ్గర సింహాద్రి, ఇంకా దేశంలో గ్రిడ్‌కి కలిసిన ప్రతి జనరేటరూ ఇదే లయలో ఊగాలి. థింసాలో ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని, ఒకే దరువుకి అడుగు వేస్తారు చూడండి, అలాగన్నమాట. ఒకరు అడుగు తప్పితే వరస మొత్తం తూలుతుంది.

మనం స్పీకర్‌లో వినే మోత ఆ దరువే. రావాల్సిన చోటు కాని చోట నుంచి లోపలికి దూరింది. ఎక్కడ నుంచి దూరిందో కనుక్కోవడమే మన పని.

ఇప్పుడు మీ ఫోన్ బయటికి తీయండి. స్పెక్ట్రాయిడ్ అనే యాప్ ఉంది, లేకపోతే ఫైఫాక్స్ అని జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన యాప్ ఉంది. రెండూ ఫ్రీ. మైక్‌లో పడ్డ శబ్దంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో గీత గీసి చూపిస్తాయి. ఫోన్‌ని స్పీకర్ ముందు పెట్టి చూడండి. శిఖరం 50 దగ్గరుందా, 100 దగ్గరుందా? ఒక మాట గుర్తుపెట్టుకోండి, ఫోన్ మైక్‌కి 50 హెర్ట్జ్ సరిగ్గా వినపడదు, కాబట్టి అక్కడ చిన్న గుట్ట కనిపించినా పెద్దదే అనుకోవాలి. హారన్ స్పీకర్, అదే బాకా, అంత కింది స్వరాన్ని అసలు పలకలేదు. అందుకని టెస్ట్ చేసేటప్పుడు బాక్స్ స్పీకర్ పెట్టండి.

ఈ 50కీ, 100కీ తేడా ఎందుకంత ముఖ్యం? ఆంప్లిఫైయర్‌కి లోపల కావాల్సింది ఊగే కరెంట్ కాదు, నిలకడగా ఉండే డీసీ. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ తగ్గించాక నాలుగు డయోడ్లు కలిసి కిందికి వెళ్లే సగాన్ని కూడా పైకి తిప్పేస్తాయి. అప్పుడు సెకనుకి 50 ఊపుల బదులు 100 గుట్టలు వస్తాయి. ఆ గుట్టల మధ్య లోయల్ని పూడ్చేది పెద్ద కెపాసిటర్. మన మెకానిక్ అన్నలు కండెన్సర్ అంటారు. అది నీళ్ల ట్యాంక్ లాంటిది. కొండ ఊట నుంచి పైపులో నీళ్లు ఆగి ఆగి వచ్చినా, ట్యాంక్ ఉంటే కింద కుళాయిలో ధార ఒకేలా ఉంటుంది. ట్యాంక్‌లో సగం పైన మట్టి పేరుకుపోతే? ధార కూడా ఆగి ఆగి వస్తుంది. కండెన్సర్ ఎండిపోతే సరిగ్గా ఇదే జరుగుతుంది, స్పీకర్‌లో 100 హెర్ట్జ్ మోత వస్తుంది. శిఖరం 100 దగ్గర, తర్వాత 200, 300 దగ్గర చిన్న చిన్నవి ఉంటే అనుమానం ముందు కండెన్సర్ మీదకే పోవాలి.

50 దగ్గరే గట్టిగా ఉంటే కథ వేరు. మైక్ కేబుల్ పైన ఉండే జాలీ తీగ, అదే షీల్డ్, తెగి ఉండొచ్చు. లేదా కేబుల్ పక్కనే కరెంట్ వైర్ పడుకుని ఉండొచ్చు. లేదా లోపల ఒక డయోడ్ పోయి ఉండొచ్చు, అప్పుడు సగం గుట్టలే మిగులుతాయి కాబట్టి మళ్లీ 50కి వచ్చేస్తుంది.

ఇంకో సరదా విషయం. శిఖరం 100 దగ్గర స్థిరంగా నిలబడకుండా 104కి పోయి, లైట్లు వేయగానే 96కి పడిపోతోందా? మీరు గ్రిడ్ మీద లేరు, జనరేటర్ మీద ఉన్నారు. చిన్న జనరేటర్‌కి లోడ్ పడితే స్పీడ్ తగ్గుతుంది. అంటే మోత విని కరెంట్ ఎక్కడి నుంచి వస్తోందో కూడా చెప్పేయొచ్చు. ఫ్రెండ్స్ దగ్గర బిల్డప్ ఇవ్వడానికి బాగా పనికొస్తుంది ఇది.

సరే, పేషెంట్ దగ్గరికి వద్దాం. మూత విప్పే ముందే చేయాల్సినవి ఉన్నాయి, తొంభై శాతం మంది ఇక్కడే తొందరపడి స్క్రూడ్రైవర్ తీస్తారు.

మొదటి ప్రశ్న, మోత స్పీకర్ నుంచా, పెట్టె నుంచా? చెవి పెట్టి వినండి. ట్రాన్స్‌ఫార్మర్ రేకులు వదులైతే పెట్టే గుర్రుమంటుంది, స్పీకర్‌తో సంబంధం లేదు. ఇక్కడొక జాగ్రత్త. మీ సెట్ వాల్వులదైతే, అంటే లోపల గాజు బల్బుల్లాంటివి ఎర్రగా వెలిగేదైతే, స్పీకర్ పీకేసి ఆన్ చేయకండి. లోడ్ లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

రెండో ప్రశ్న, వాల్యూమ్ తిప్పితే మోత మారుతోందా? నా ఉద్దేశంలో ట్రబుల్‌షూటింగ్ మొత్తంలో రాజు లాంటి టెస్ట్ ఇదే. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికేటప్పుడు కోడ్‌ని మధ్యలో కోసి, తప్పు ఈ సగంలో ఉందా ఆ సగంలో ఉందా అని చూస్తాం కదా, వాల్యూమ్ నాబ్ అచ్చం అలాంటి కోత. వాల్యూమ్‌తో పాటు మోత పెరిగి తగ్గితే తప్పు నాబ్‌కి ముందుంది, అంటే మైక్, కేబుల్, ఫోన్, వగైరా. సున్నాలో పెట్టినా మోత అలాగే ఉంటే తప్పు నాబ్ తర్వాత ఉంది, అంటే పవర్ సప్లై, చివరి ఆంప్లిఫైయర్.

మన సెట్‌లో ఏమైందంటే, రెండూ! వాల్యూమ్ పెంచితే కాస్త గరగర పెరుగుతోంది, సున్నా చేసినా అడుగున ‘గుయ్’ మిగిలి ఉంది. రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయన్నమాట. పాత సెట్లలో ఇది మామూలే, ఒకటి బాగుచేసి “పోలేదేంటి” అని కంగారు పడకండి.

గరగర సంగతి ముందు చూద్దాం. పాటలు వచ్చేది ఒక తమ్ముడి ఫోన్ నుంచి. ఆ ఫోన్ చార్జింగ్‌లో ఉంది. చార్జర్ పీకగానే...

[మోత సగానికి తగ్గుతుంది]

చూశారా! రెండు పిన్నుల చార్జర్లలో ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. రేడియో డిస్టర్బెన్స్ తగ్గించడానికి కావాలనే పెడతారు. దాని గుండా కొంచెం, చాలా కొంచెం కరెంట్ కారుతుంది. చార్జింగ్‌లో ఉన్న ఫోన్ మెటల్ అంచు మీద వేలితో నెమ్మదిగా రాస్తే జివ్వుమన్నట్టు అనిపిస్తుంది చూడండి, అదే. ఆ కారే కరెంట్ ఆక్స్ కేబుల్ షీల్డ్ గుండా ఆంప్‌లోకి పోతూ మోత తెస్తుంది. మందు సింపుల్: పాటలు పెట్టే ఫోన్‌ని ముందే ఫుల్ చార్జ్ చేసుకోండి. లేదంటే చిన్న ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో పెట్టండి. అందులో రెండు వైపులా తీగ తీగకి తగలదు, పాట మాత్రం అయస్కాంతం ద్వారా దాటిపోతుంది.

మైక్ కేబుల్ గురించి కూడా ఒక మాట. స్టేజ్ నుంచి ఆంప్ దాకా ముప్పై మీటర్లు మామూలు 6.35 ఎంఎం జాక్ కేబుల్ లాగారంటే అది యాంటెన్నా లాంటిదే. అంత దూరానికి మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్, బ్యాలెన్స్‌డ్ కేబుల్ వాడాలి. అందులో మాట రెండు తీగల మీద ఒకదానికొకటి ఎదురుగా వస్తుంది, దారిలో పట్టిన మోత మాత్రం రెండిటి మీదా ఒకేలా ఉంటుంది. చివర్లో ఆంప్ రెండిటినీ తీసివేత చేస్తే మోత పోయి మాట మిగులుతుంది. భలే ఐడియా కదా. ఇంకా, సీరియల్ లైట్ల వైరుకీ మైక్ కేబుల్‌కీ ఒకే తాడు కట్టి ఒకే కర్ర మీద లాగకండి. దాటాల్సి వస్తే ప్లస్ గుర్తులా అడ్డంగా దాటించండి.

ఇక అడుగున మిగిలిన ‘గుయ్’. ఇన్‌పుట్‌లన్నీ పీకేశాం, వాల్యూమ్ సున్నా, మోత కదల్లేదు. యాప్‌లో శిఖరం 100 దగ్గర నిటారుగా ఉంది, పక్కన 200, 300. ఇప్పుడు మూత తీయొచ్చు.

ప్లగ్ పీకేశాకే తీయాలి. స్విచ్ ఆపితే చాలదు, సాకెట్లో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే ఆపినా లోపల కరెంట్ ఉంటుంది. పీకాక కూడా కండెన్సర్ ఖాళీ అవ్వాలి. మన దాంట్లో 4700 మైక్రోఫారడ్‌ది ఒకటి, మీద సుమారు 40 వోల్టులు. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ‘టప్’మనిపించడం చాలామందికి అలవాటు, నాకు మాత్రం అస్సలు నచ్చదు. మెరుపు కంట్లో పడొచ్చు, కండెన్సర్ లోపలా దెబ్బతింటుంది. ఒక కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ రెండు కాళ్లకీ తగిలించి అర నిమిషం ఆగండి, తర్వాత మల్టీమీటర్‌తో సున్నా ఉందో లేదో చూడండి. వాల్వు సెట్లలో ఇదే చోట 300, 400 వోల్టులు ఉంటాయి. అవి తెలిసినవాళ్లకే వదిలేయండి.

లోపల చూస్తే కండెన్సర్ నెత్తి కాస్త ఉబ్బి ఉంది. విప్పి మల్టీమీటర్‌లో కెపాసిటీ రేంజ్‌లో పెడితే 1100 చూపించింది. 4700 ఉండాల్సింది! లెక్క చూడండి. లోయ లోతు ఎంతో తెలియాలంటే లాగే కరెంట్‌ని, సెకనుకి వచ్చే గుట్టల సంఖ్యతోనూ కెపాసిటీతోనూ భాగించాలి. సగం ఆంపియర్ లాగితే, మంచి కండెన్సర్ మీద ఊగిసలాట దాదాపు ఒక వోల్టు. మన ఎండిపోయిన దాని మీద నాలుగున్నర వోల్టుల దాకా. ఆ ఎక్కువైన మూడున్నర వోల్టులే ఇందాక మీరు విన్న సౌండ్.

ఎందుకు ఎండింది? దాని లోపల తడి రసాయనం ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఆవిరవుతుంది. వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందని ఒక లెక్క ఉంది. అరకు చల్లటి ఊరు కాబట్టి బాగానే ఉండాలి నిజానికి. కానీ మన సెట్ ఉన్నది పొయ్యి పైన! పైగా ఏడాదిలో పదకొండు నెలలు కరెంట్ తగలకపోతే లోపలి సన్నటి ఆక్సైడ్ పొర కూడా బలహీనపడుతుంది. అటక మార్చమని చెప్పాం. నెలకోసారి గంటసేపు ఆన్ చేసి పాటలు వినమని కూడా చెప్పాం, ఆ సలహా మాత్రం కుర్రాళ్లకి తెగ నచ్చింది.

కొత్తది కొనేటప్పుడు కెపాసిటీ అంతే, వోల్టేజ్ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీలు అని రాసి ఉన్నది తీసుకోండి. మైనస్ గీత ఎటుందో ఫోటో తీసుకున్నాకే పాతది విప్పండి, తిప్పి పెడితే పేలుతుంది. వేశాక నేరుగా సాకెట్లో పెట్టకండి. సిరీస్ బోర్డ్ తెలుసు కదా, ఫేజ్ వైర్‌లో వంద వాట్ల పాత ఫిలమెంట్ బల్బు వరసగా పెట్టేది. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే ఓకే. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఆపేయండి.

[మళ్లీ ఆన్ చేసిన శబ్దం. దాదాపు నిశ్శబ్దం]

హమ్మయ్య.

కిందటి ఎపిసోడ్‌కి ఒక బ్రో కామెంట్ పెట్టారు, విండోస్ ఎక్స్‌పీలో పిన్‌బాల్ ఆడేవాళ్లం, నిజం పిన్‌బాల్ మెషిన్లలో కూడా స్పీకర్ మోత సమస్య ఉంటుందట, అదీ ఇదేనా అని. ఆల్మోస్ట్ ఇదే బ్రో. బాగా పాతవాటిలో అసలు స్పీకరే ఉండదు, నిజం గంటలే మోగేవి. 1970ల చివర్లో షికాగో కంపెనీలు బ్యాలీ, విలియమ్స్, గాట్లీబ్ ఎలక్ట్రానిక్ బోర్డులకి మారాక స్పీకరూ ఆంప్లిఫైయరూ వచ్చాయి, వాటితో పాటు ఎండిపోయే కండెన్సర్లూ వచ్చాయి. అమెరికాలో కరెంట్ 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ శిఖరం 120 దగ్గర కనిపిస్తుంది. ఒకటే తేడా, ఒకే పెట్టెలో చాలా దీపాలు, బంతిని కొట్టే కాయిల్స్ కూడా ఉంటాయి. దీపాలు మిణుకుతుంటే మోత కూడా వాటితో పాటే మారితే, కండెన్సర్ కంటే ముందు గ్రౌండ్ తీగలూ, మాడిన కనెక్టర్ పిన్నులూ చూడాలి. వాల్యూమ్ టెస్ట్ మాత్రం అక్కడా రాజే.

ఇప్పుడు అసలు విషయం. సెట్ ప్లగ్ టాప్ చూడండి, కెమెరా దగ్గరకి తెస్తున్నా. మూడు పిన్నుల ప్లగ్. పైన లావుగా ఉండాల్సిన ఎర్త్ పిన్ లేదు. విరగలేదు, కావాలని తీసేశారు. ఎందుకని అడిగితే ఒక అన్న చెప్పాడు, “డీజే మిక్సర్ కలిపినప్పుడు మోత వచ్చింది, ఈ పిన్ తీస్తే పోయింది.”

పోతుంది, నిజమే. మిక్సర్‌కి ఒక ఎర్త్, ఆంప్‌కి ఒక ఎర్త్, రెండిటినీ ఆడియో కేబుల్ షీల్డ్ కలిపింది. ఒక ఉచ్చులా తయారై అందులో కరెంట్ తిరిగింది, దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ఎర్త్ పిన్ తీస్తే ఉచ్చు తెగింది. మిక్సర్ ఉన్న రోజు ఆంప్‌కి ఎర్త్ ఆ షీల్డ్ ద్వారా అందింది, అది కూడా సన్నటి తీగ. మిక్సర్ లేని రోజు? ఏ ఎర్తూ లేదు. లోపల ఒక వైరు ఒరుసుకుని రేకుకి తగిలితే పెట్టె మొత్తం 230 వోల్టులు, షీల్డ్ ద్వారా మైక్ జాలీ కూడా 230 వోల్టులు. వాన పడ్డ నేల, ఒట్టి కాళ్లు, పెదాలకి ఆనించిన మైక్. తడి ఒంట్లోంచి 100 మిల్లీ ఆంపియర్ల పైనే పోవచ్చు, గుండె లయ తప్పడానికి అది చాలు. ఉచ్చు తెంపాలంటే ఆడియో వైపు తెంపాలి. ఇందాక చెప్పిన ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, లేదా అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ నుంచి తీసుకోండి. ఎర్త్ పిన్ జోలికి పోకూడదు.

పోనీ, పిన్ పెట్టేస్తే అయిపోయిందా? ఈ కొండల్లో కాలేదు. తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే రాయి ఖోండలైట్, ఇక్కడి కోందుల పేరు మీదే పెట్టారు. రాయి నేలలో, ఎండాకాలంలో ఎర్త్ రాడ్ దించితే రెసిస్టెన్స్ 50 ఓమ్‌లు ఉన్నా ఆశ్చర్యం లేదు. 230ని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. మీ 16 ఆంపియర్ల ఎంసీబీకి అదొక మామూలు లోడ్ లాంటిది, పడదు. పెట్టె అలాగే షాక్ కొడుతూ కూర్చుంటుంది. అందుకే బొగ్గు, ఉప్పు వేసి గొయ్యి తీసి, ఎండల్లో నీళ్లు పోయాలి. దాంతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. అది వెళ్లిన కరెంట్, తిరిగొచ్చిన కరెంట్ సమానమా అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు ఎటో కారిపోతే కళ్లు మూసి తెరిచేలోగా కట్ చేస్తుంది. దానికి 4.6 ఆంపియర్లు ఎక్కువే, ఎర్త్ అంత బాగోలేకపోయినా పనిచేస్తుంది.

గూడెంలో కొత్త ప్లగ్ టాప్ వేశాం. ఆర్‌సీసీబీ పెట్టిన చిన్న బోర్డు ఒకటి కర్ర పెట్టెలో బిగించాం, మైక్ సెట్‌తో పాటే దాన్నీ మోసుకెళ్తారు. దాని మీద ‘టెస్ట్’ అని చిన్న బటన్ ఉంటుంది, ప్రతిసారీ పాట మొదలుపెట్టే ముందు నొక్కాలి. టక్కుమని పడితే బాగున్నట్టు. పడకపోతే ఆ రోజు దాన్ని వాడకండి.

మీ ఊరి సెట్ మోత రికార్డ్ చేసి, యాప్ స్క్రీన్‌షాట్‌తో పాటు కామెంట్లో పెట్టండి. వాల్యూమ్ సున్నాలో ఉన్నప్పుడు ఒకటి, సగంలో ఉన్నప్పుడు ఒకటి, రెండు రికార్డింగ్‌లు కావాలి. వచ్చే వారం అందులోంచి మూడు తీసుకుని చూద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.